అంబాసిడరా, పద్మినా? పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

పాత కార్ల మీద వచ్చిన ఉత్తరాల్లో ఈసారి రెండు పేర్లే మళ్లీ మళ్లీ కనిపించాయి. ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన హిందుస్థాన్ అంబాసిడర్ ఒకటి. ఫియట్ 1100గా మొదలై 1974 నుంచి పద్మిని పేరుతో వచ్చిన ప్రీమియర్ కారు రెండోది. అందుకే ఈ సంచిక మొత్తం ఆ రెంటికే కేటాయించాం.

ప్రశ్న: 1.5 పెట్రోలు అంబాసిడర్ మార్క్ 4 ఒకటి, 1986 పద్మిని ఒకటి అమ్మకానికి వచ్చాయి. కాగితం మీద అంబాసిడర్‌కి 50 హార్స్‌పవర్, పద్మినికి 40. పికప్ అంబాసిడర్‌కే ఎక్కువ ఉంటుందని మా తమ్ముడు అంటున్నాడు. నిజమేనా?

హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే మీ తమ్ముడి మాట నిజమే. పక్కనే బరువు కూడా రాసి చూడండి. అంబాసిడర్ 1,489 సీసీ ఇంజను సుమారు 50 హార్స్‌పవర్ ఇస్తుంది, బండి 1,100 కిలోల చిల్లర తూగుతుంది. పద్మిని ఇంజను 1,089 సీసీ, సుమారు 40 హార్స్‌పవర్, బండి బరువు 895 కిలోలు. ఒక్కో హార్స్‌పవర్ మోయాల్సిన బరువు అంబాసిడర్‌లో 22 కిలోలు, పద్మినిలో 22.4 కిలోలు. డ్రైవరు ఒక్కడే ఉంటే సిగ్నల్ దగ్గర నుంచి రెండూ దాదాపు ఒకేలా కదులుతాయి.

మనుషులు ఎక్కాక లెక్క మారుతుంది. మనిషికి 60 కిలోల చొప్పున అయిదుగురు, డిక్కీలో 50 కిలోల సామాను వేస్తే రెండు బళ్లకూ 350 కిలోలు కలుస్తాయి. అప్పుడు అంబాసిడర్‌లో హార్స్‌పవర్‌కి 29 కిలోలు, పద్మినిలో 31 కిలోలు. మోసే బరువు ఒకటే అయినా తేలిక బండికి అది పెద్ద భారం. పెళ్లికి నిండా జనంతో వెళ్లాలంటే అంబాసిడర్ మేలనే పాత మాటకు మూలం ఇదే. పద్మినికి తర్వాత ఏసీ బిగించి ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది, కంప్రెసర్ లాక్కునే శక్తి 40 లోంచే పోవాలి గదా.

పొడుగు స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్న ఇంజనుకి లాగుడు ఎక్కువ అని షెడ్డుల్లో అంటుంటారు. అది సగమే నిజం. అంబాసిడర్ పిస్టన్ వ్యాసం 73 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ.; పద్మినిలో 68, 75. అంబాసిడర్ లాగుడు ముఖ్యంగా సీసీ నుంచి వస్తోంది, సిలిండరుకి 372 సీసీ, పద్మినిలో 272. పొడుగు స్ట్రోకు చేసే అసలు పని ఏమిటంటే ఇంజనుని పరిగెత్తనివ్వదు. అంబాసిడర్ 4,200 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరుగుతుంటే పిస్టన్ సగటు వేగం సెకనుకి 12.4 మీటర్లు. పద్మిని 4,800 దాకా వెళ్లినా 12 మీటర్లే. అందుకే పద్మినిని గేరులో కాస్త సాగదీసి నడిపితే హాయిగా ఉంటుంది. అంబాసిడర్‌ని అలా సాగదీస్తే గోల చేస్తుందే గానీ ముందుకు పోదు, తొందరగా పై గేరు వేసి లాగించుకోవాలి. పద్మిని గరిష్ఠ టార్కు (తిప్పే బలం) సుమారు 7.2 కిలోగ్రామ్-మీటర్లు, అదీ 3,000 ఆర్పీఎం దగ్గరే వస్తుంది. టాప్ గేరులో 30 కిలోమీటర్ల వేగంతో స్పీడ్ బ్రేకర్ దాటి యాక్సిలేటర్ తొక్కితే అది గునగునలాడేది ఇందుకే. అక్కడ మూడో గేరు వేయాల్సిందే. రెండిటి క్రాంకూ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మూడు మెయిన్ బేరింగుల మీదే నిలబడుతుంది కాబట్టి ఏ బండినైనా గంటల తరబడి 80 పైన తోలడం మంచిది కాదు.

కొనే ముందు వెనక ఇరుసు నిష్పత్తిని (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో) మీరే లెక్కపెట్టుకోండి. ఇన్నేళ్లలో ఎవరో ఒకరు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్లు) మార్చి ఉండే అవకాశం ఉంది, పుస్తకంలో అంకె చూసి మోసపోవద్దు. ముందు చక్రాలకీ, నేల మీద ఉండే ఒక వెనక చక్రానికీ రాళ్లు పెట్టండి. రెండో వెనక చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు మీద కూర్చోబెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు దించి ఉండాలి. గేరు బాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. ఒక చక్రం కదలకుండా ఉంటే రెండోది రెట్టింపు తిరుగుతుంది, రెండు చుట్లు తిప్పమన్నది అందుకే. అంకె పెద్దదైతే ఎత్తుల్లో బాగా లాగుతుంది, హైవే మీద ఇంజను అరుస్తుంది.

ప్రశ్న: నా పద్మిని ఘాట్ ఎక్కితే చాలు వేడెక్కి నీళ్లు చిమ్ముతోంది. రేడియేటర్ మార్చాం, తగ్గలేదు. మా ఇంట్లోనే ఉన్న అంబాసిడర్ అదే ఘాట్ నిబ్బరంగా ఎక్కుతుంది. పద్మినిలో లోపం ఏమిటి?

రెండు ఇంజన్ల హెడ్లు, అంటే సిలిండర్లున్న బ్లాకు మీద బిగించే మూతలు, వేర్వేరు లోహాలవి. అంబాసిడర్ హెడ్, బ్లాకు రెండూ పోత ఇనుము. పద్మిని బ్లాకు ఇనుము, హెడ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకి రెట్టింపు సాగుతుంది. ఒకసారి బాగా కాగిన పద్మిని హెడ్ వంకర పోతుంది, హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ ఒక మూల వదులవుతుంది, సిలిండరులోని మంట నీళ్లలోకి వస్తుంది. ఆ తర్వాత ఎన్ని రేడియేటర్లు మార్చినా అంతే.

నిర్ధారణకి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి అంచుదాకా నీళ్లు నింపండి. స్టార్ట్ చేసి మొదటి రెండు నిమిషాలు అక్కడే కనిపెట్టుకుని చూడండి. నీళ్లు వేడెక్కకముందే బుడగలు ఆగకుండా వస్తూ, యాక్సిలేటర్ ఇచ్చినప్పుడల్లా ఎక్కువైతే గ్యాస్కెట్ పోయినట్టే. బుడగలు మొదట్లో నాలుగు వచ్చి ఆగిపోతే అది లోపల చిక్కుకున్న గాలి, దానికి కంగారు పడక్కర్లేదు.

హెడ్ విప్పాల్సి వస్తే ఇంజను చల్లగా ఉన్నప్పుడే విప్పండి. వేడి మీద విప్పితే ఆ విప్పడంలోనే వంగుతుంది. నిలువుగా, అడ్డంగా, రెండు మూలలకీ ఐమూలగా స్టీలు పట్టీ ఆనించి, సందు కొలిచే పలచటి ఉక్కు ఆకుల ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. 0.05 మి.మీ. ఆకు దూరడం మొదలైతే జాగ్రత్త, 0.10 దూరితే ఫేసింగ్ (చెక్కి చదును చేయించడం) తప్పదు. అయితే ఫేసింగ్ చేసిన ప్రతిసారీ హెడ్ పలచబడి కంప్రెషన్ పెరుగుతుంది, ఎత్తుల్లో టకటక కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికే రెండు మూడు సార్లు ఫేసింగ్ అయిన హెడ్‌ని ఇంకా చెక్కించడం కంటే మంచి హెడ్ వెతుక్కోవడం నయం. బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో టార్కు రెంచితో బిగించాలి. బండి నడిచి పూర్తిగా చల్లారాక మరోసారి చూడాలి.

బుడగలు రాకపోతే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం) చూడండి. వేడెక్కే బళ్లలో చాలామంది మర్చిపోయేది ఇదే. టైమింగ్ ఆలస్యమైతే మంట సిలిండరులో పూర్తి కాకుండా ఎగ్జాస్ట్ దారిలో మండుతుంది, ఆ వేడంతా హెడ్ నీళ్లకి వస్తుంది. ఆ టైమింగ్‌ని సర్దే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చండి. గాలి ఆగకుండా వస్తూనే ఉంటే లోపలి డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగింది. ఫ్యాన్ బెల్టు పొడవైన వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళానికి మించి దిగకూడదు. ఇంకో మాట. అల్యూమినియం హెడ్ ఉన్న బండిలో బోరు నీళ్లు పోయడం మానుకోండి, కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ నీళ్లే వాడండి. ఉప్పు నీళ్లు నీటి దారుల అంచుల్ని తినేస్తాయి, గ్యాస్కెట్ కొత్తదైనా ఆనడానికి చోటు మిగలదు.

మీ అంబాసిడర్‌కి వేరే జబ్బు ఉంటుంది. దాని బ్లాకు వెనక భాగంలో, నాలుగో సిలిండరు చుట్టూ తుప్పు బురద పేరుకుంటుంది. బ్లాకు మీదున్న డ్రెయిన్ ట్యాప్ తిప్పి చూడండి. చుక్క నీరు కూడా రాకపోతే అది నిబ్బరంగా ఉన్నట్టు కాదు, బురద గట్టిపడిందని అర్థం. ట్యాప్ విప్పి కంతలో తీగ పెట్టి కెలికి, నీళ్ల పైపుతో కడగండి.

ప్రశ్న: పద్మిని లీటరుకి 13 ఇస్తుందని చెబుతుంటారు. ‘ఎస్‌యూ’ రకం కార్బురేటర్ ఉన్న నా అంబాసిడర్ 8 కూడా దాటడం లేదు. ఇంత తేడా ఉంటుందా?

తేడా ఉంటుంది, అయితే ఇంత ఉండకూడదు. కండిషన్‌లో ఉన్న 1.5 పెట్రోలు అంబాసిడర్ 9 నుంచి 11 ఇవ్వాలి. పద్మిని 12 నుంచి 14. అంబాసిడర్ వెడల్పులోనే దాదాపు 20 సెంటీమీటర్లు ఎక్కువ, బరువు 200 కిలోలు ఎక్కువ.

ముందు మీ 8 నిజమైన ఎనిమిదో కాదో చూడండి. అసలు 5.90-15 టైర్ల బదులు రేడియల్ వేసి ఉంటే చుట్టుకొలత మారుతుంది, మీటరు తప్పు చూపిస్తుంది. టైరు నేలను తాకే చోట సుద్దగీత గీసి, బండిని నెమ్మదిగా అయిదు చుట్లు నెట్టి ఆ దూరం టేపుతో కొలవండి. పాత సైజు టైరుతో కూడా అలాగే కొలిచి పోల్చండి. టైరు 5 శాతం చిన్నదైతే మీటరులో 250 తిరిగినప్పుడు మీరు నిజంగా వెళ్లింది 237 కిలోమీటర్లే. పెట్రోలు కొలతకి ట్యాంకు ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర నిండుగా కొట్టించి, కనీసం 200 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అక్కడే నింపండి.

కొలత సరైనదేనని తేలాక ఇంజను సంగతి. ప్లగ్గులు నాలుగూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, వేడి ఇంజను మీద కంప్రెషన్ చూడండి. అంకె ఎంత అన్నదాని కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది శాతానికి మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు.

ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందు) 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ., ఇంజను చల్లగా ఉన్నప్పుడు. ముందు నుంచి వాల్వులకి 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. ఎనిమిదోది పూర్తిగా కిందికి నొక్కుకుని ఉన్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి, ఏడోది నొక్కుకున్నప్పుడు రెండోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. చప్పుడు రాకూడదని గ్యాప్ తగ్గించేవాళ్లున్నారు. ట్యాపెట్ చప్పుడుతో ఇంజను పాడవదు, గ్యాప్ లేకపోతే వాల్వు కాలిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ., ప్లగ్ గ్యాప్ 0.6 మి.మీ. చాలు.

అన్నీ అయ్యాకే కార్బురేటర్ ముట్టుకోండి. ఎస్‌యూ పైమూత విప్పి డ్యాంపర్‌లో పలచని ఇంజనాయిల్ ఉందో లేదో చూడండి. అది ఎండిపోతే యాక్సిలేటర్ ఇవ్వగానే బండి తడబడుతుంది, ఆ తడబాటు పోగొట్టడానికి మెకానిక్కులు మిక్చర్ రిచ్ చేసి (గాలిలో పెట్రోలు పాలు పెంచి) పెడతారు. మీ పెట్రోలు ఎక్కడికి పోతోందో చాలాసార్లు ఇక్కడే తెలుస్తుంది. వేడి ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా కార్బురేటర్‌లోని పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు మాత్రం పైకి లేపండి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే రిచ్. ఆగిపోబోతే లీన్, అంటే పెట్రోలు పాలు తక్కువ. ఒక్క క్షణం పెరిగి యథాస్థితికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. పెట్రోలు వచ్చే సన్న గొట్టం, అంటే జెట్, కింది నట్టుని ఒక్కో పలక చొప్పునే తిప్పండి.

ప్రశ్న: గతుకుల రోడ్డు మీద అంబాసిడర్ మెత్తగా పోతుందంటారు. మా బండి ముందు చక్రాల్లో మాత్రం టంగు టంగుమని చప్పుడు. పద్మినికి ఈ బాధ ఉండదా?

మెత్తదనానికి పెద్ద చక్రం ఒక కారణం, 15 అంగుళాల రిమ్ము గుంతలోకి అంతగా దిగదు. చక్రాల మధ్య దూరం కూడా ఎక్కువ, 2,464 మి.మీ. పద్మినిలో 2,340, రిమ్ము 14 అంగుళాలు. రెండిటికీ వెనక కమాన్ కట్టలే. ముందు మాత్రం పద్మినికి కాయిల్ స్ప్రింగులు, అంబాసిడర్‌కి టార్షన్ బార్లు, అంటే బండి పొడవునా వెళ్లి మెలి తిరిగే ఉక్కు కడ్డీలు.

చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి. చక్రం లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ముందుకీ వెనక్కీ ఊపండి. కదలిక ఉంటే లోపల కూర్చున్నవాళ్లని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే కదలిక పోతే అది వీల్ బేరింగ్, బిగిస్తే సరి. బ్రేకు తొక్కినా కదులుతుంటే చక్రం పక్కలకి తిరిగే కీలు భాగాలు, అంటే కింగ్ పిన్ను, ట్రునియన్ అరిగాయి. గ్రీజు కొట్టకుండా వదిలేసిన ట్రునియన్ ఒకరోజు విరిగి చక్రం పక్కకి పడిపోతుంది, దీన్ని వాయిదా వేయకండి. గ్రీజు ప్రతి 1,500 కిలోమీటర్లకీ కొట్టాలి. బండి బరువు చక్రం మీద ఉండగా కొడితే ఒక పక్కకే వెళుతుంది. చక్రం లేపి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి కనిపించేదాకా కొట్టండి. పద్మినిలోనూ కింగ్ పిన్నులే, ఇదే పరీక్ష, ఇదే గ్రీజు.

టార్షన్ బార్లు ఎప్పుడైనా విప్పితే ఎడమది ఎడమకే, కుడిది కుడికే వేయాలి. ఏళ్లుగా ఒకే వైపు మెలి తిరిగిన ఉక్కుని రెండో వైపు మెలిపెడితే విరుగుతుంది. పద్మినిలో కాయిల్ స్ప్రింగ్ విప్పాలంటే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. ఎగిరిన స్ప్రింగుకి మనిషిని చంపేంత బలం ఉంటుంది.

స్టీరింగ్‌లో మాత్రం అంబాసిడర్‌దే పైచేయి. దానిది ర్యాక్ అండ్ పినియన్ (చిన్న పళ్ల చక్రం పళ్ల కడ్డీని నేరుగా జరిపే రకం), పద్మినిది గేరు పెట్టె రకం. పద్మినిలో స్టీరింగ్ ఆట (వదులు) తగ్గించడానికి పెట్టె మీది స్క్రూ బిగిస్తారు. చక్రాలు నిటారుగా ఉన్నప్పుడు బాగుందనిపించి, మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ వెనక్కి రాకపోతే అతిగా బిగించారన్న మాట.

ప్రశ్న: పద్మిని బ్రేకు ఒకసారి తొక్కితే కిందికి పోతోంది, రెండోసారి తొక్కితే పడుతోంది.

రెండోసారికి గట్టిగా, సగం ఎత్తులో పడుతుంటే షూలు అరిగి డ్రమ్ముకి దూరమయ్యాయి, అడ్జస్ట్ చేస్తే సరిపోతుంది. స్పాంజిలా మెత్తగా పడుతుంటే లైన్లలో గాలి ఉంది. కాలు అలాగే నొక్కి పట్టినప్పుడు నెమ్మదిగా కిందికి జారుతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండరు వాషర్లు పోయాయి. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను, ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగూ పోతాయి. అంబాసిడర్ పాత మోడళ్లూ అంతే. గాలి తీసేటప్పుడు మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. బ్రేకు ఆయిల్ బదులు పొరపాటున ఇంజనాయిల్ చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, అప్పుడు అన్నీ మార్చాల్సిందే.

ప్రశ్న: ఇథనాల్ కలిపిన పెట్రోలు ఏ బండికి ఎక్కువ చేటు?

నష్టం రెండిటికీ ఉంది, చోట్లే వేరు. ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే లీటరులో శక్తి ఏడు శాతం దాకా తగ్గుతుంది, ఇంధనంలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిక్చర్ లీన్ అవుతుంది. ఎస్‌యూలో నట్టు ఒకటి రెండు పలకలు రిచ్ వైపు తిప్పి సరిచేసుకోవచ్చు. పద్మినిలో ఉండే సోలెక్స్ కార్బురేటర్‌లో మెయిన్ జెట్టే పెద్దది వేయాలి, అందుకే చాలామంది అలాగే వదిలేసి ఇంజను వేడెక్కుతోందని తర్వాత మొత్తుకుంటారు.

రబ్బరు గొట్టాలన్నీ ఎస్‌ఏఈ జే30 ఆర్9 రకంతో మార్చండి. పంపు డయాఫ్రమ్ సంగతి మరీ జాగ్రత్త. అది లోపలి వైపు చిరిగితే పెట్రోలు కింద కారదు, ఆయిల్ చాంబరులోకి పోతుంది. డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందా, వాసన చూస్తే పెట్రోలు కొడుతోందా, బండి స్టార్ట్ చేయకండి. బేరింగులు పోతాయి.

పెట్రోలులోని సీసం వాల్వు సీట్లు (వాల్వు ఆనే అంచులు) అరగకుండా కాపాడేది. సీసం లేని పెట్రోలు దేశమంతా వచ్చింది 2000లో. అంతకు ముందు బళ్లలో అంబాసిడర్ ఇనప హెడ్‌కి వాల్వు సీట్లు విడిగా ఉండవు, హెడ్ లోహంలోనే చెక్కినవి. ఎగ్జాస్ట్ వాల్వుల ట్యాపెట్ గ్యాప్ తరచూ తగ్గిపోతుంటే సీటు లోపలికి దిగిపోతోందని అర్థం. ఈసారి హెడ్ విప్పినప్పుడు గట్టి సీటు రింగులు వేయించండి. పద్మిని అల్యూమినియం హెడ్‌లో సీట్లు మొదటి నుంచీ విడి రింగులే.

ప్రశ్న: ఇసుజు ఇంజను అంబాసిడర్, డీజిల్ అంబాసిడర్ ఈ పోలికలో ఎక్కడ నిలుస్తాయి?

1,817 సీసీ ఇసుజు పెట్రోలు సుమారు 75 హార్స్‌పవర్, అయిదు గేర్లు. హార్స్‌పవర్‌కి 15 కిలోలే. పద్మినితో దానికి పోటీ లేదు, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. బ్రేకులు డ్రమ్ములే ఉన్న బండిలో ఎవరైనా ఈ ఇంజను తెచ్చి బిగించి ఉంటే మాత్రం కొనకండి. 1,489 సీసీ డీజిల్‌ది 37 హార్స్‌పవర్, బరువు ఇంకాస్త ఎక్కువ. ఖాళీ డీజిల్ అంబాసిడర్, నిండా జనంతో ఉన్న పద్మిని పక్కపక్కన ఎత్తు ఎక్కితే తేడా కనిపెట్టడం కష్టం.

ప్రశ్న: స్టీరింగ్ దగ్గరి గేరు రాడ్డు నడిరోడ్డు మీద ఇరుక్కుపోతే?

రెండు బళ్లలోనూ వచ్చేదే. లింకేజీ బుష్షులు అరిగితే ఒక గేరు పూర్తిగా వదలకముందే రెండోది పట్టుకుంటుంది. ఇంజను ఆపండి, చక్రాలకి రాయి పెట్టండి, బానెట్ ఎత్తి గేరు రాడ్డు కింది లీవర్లు రెండిటినీ చూడండి. ఏదో ఒకటి గానీ, రెండూ గానీ మధ్య నుంచి పక్కకి పోయి ఉంటాయి. పక్కకి పోయినదాన్ని చేత్తో మధ్యకి నెడితే న్యూట్రల్ వస్తుంది. ఇంటికి చేరాక బుష్షులు మార్చండి. రాడ్డు వంచి సర్దుబాటు చేస్తామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: రెండిట్లో బాడీ ఏది గట్టిది? కొనేటప్పుడు ఎక్కడ చూడాలి?

రేకు మందం అంబాసిడర్‌దే, అయినా తుప్పుకి అది అడ్డు కాదు. రెండిటికీ విడి ఛాసిస్ లేదు, కింది రేకులే ఎముకలు. పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తలుపుల అడుగున, చక్రాల ఆర్చీల మీద ఆనించి జరపండి. పట్టు వదిలిన చోటల్లా రంగు కింద పుట్టీ ఉంది. తర్వాత కార్పెట్లు ఎత్తండి. అంబాసిడర్‌లో ముందు సీట్ల కింద అడ్డంగా వెళ్లే పెట్టెలాంటి దూలం ఉంటుంది, టార్షన్ బార్ల వెనక కొసలు దానికే బిగిస్తారు. స్క్రూడ్రైవర్ పిడితో దాని పొడవునా కొట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా డబడబమంటే లోపల తుప్పు. అక్కడ రేకు తినేసిన బండి ముందు భాగం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, షెడ్డులో బార్లు బిగించి ఎత్తు సరిచేసి అమ్ముతారు. అది టింకరింగుతో పోయే పని కాదు. పద్మినిలో తలుపుల కింది దిమ్మెలు, బ్యాటరీ కింది రేకు, వెనక కమాన్ కట్టల ముందు కొస బిగించే చోటు చూడండి. వెనక నుంచి చూస్తే బండి ఏటవాలుగా పోతున్నట్టు అనిపిస్తే కమాన్ కట్ట సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగి ఉండొచ్చు.

ప్రశ్న: 1974 పద్మినికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే రోజూ ఆఫీసుకి వాడుకోవచ్చా?

కుదరదు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వాణిజ్యానికి వాడని బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్‌కి 5,000. ఆ నంబరు మీద మామూలు రోజువారీ తిరుగుడుకి అనుమతి లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు లాంటి వాటికే. ఆఫీసుకి వాడాలంటే మామూలు ఆర్‌సీనే ఫిట్‌నెస్‌తో అయిదేళ్లకోసారి పొడిగించుకోండి. ఏ దారైనా సరే, డబ్బు చేతిలో పెట్టే ముందు బానెట్ కింద ప్లేటు మీద, బ్లాకు మీద, ఆర్‌సీలో ఉన్న నంబర్లు మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. బ్లాకు మీద అంకెలు రుద్దేసి ఉంటే, అమ్మేవాళ్లు ఎన్ని కారణాలు చెప్పినా అక్కడితో ఆపేయండి.